దంతెవాడ సౌర దీపాలు: అయిదేళ్ల తరువాత దిక్కెవరు?

దంతెవాడ: బైలదిల్లా కొండలలో తవ్విన ఇనుప ఖనిజాన్ని కిరండూల్ నుంచి విశాఖపట్నానికి చేరవేసే రైళ్లను 1980ల తొలినాళ్ల నుంచి విద్యుత్ ఇంజన్లే లాగుతున్నాయి. ఆ రైలుమార్గానికి అట్టే దూరంలో లేని అనేక గిరిజన గ్రామాలకు మాత్రం విద్యుత్ తీగ చేరడానికి ఆ తరువాత దశాబ్దాలు పట్టింది. కొన్ని ఆవాసాలకు తీగ కంటే ముందు సూర్యుడే దిక్కయ్యాడు. ఇంటి కప్పు మీద ఒక సౌర ఫలకం, లోపల ఒక బ్యాటరీ, నాలుగైదు బల్బులు, ఒక ఫ్యాను. దక్షిణ బస్తర్‌లోని మారుమూల ఇళ్లకు వెలుగు వచ్చింది ఈ రూపంలోనే.

ఆ వెలుగుకు ఒక గడువు ఉన్నది. కేంద్ర ప్రభుత్వ సౌభాగ్య పథకం కింద ఇచ్చిన సౌర విద్యుత్ పరికరాలకు మరమ్మతు, నిర్వహణ బాధ్యత అయిదేళ్లు మాత్రమే. 2018, 2019 సంవత్సరాలలో బిగించిన పరికరాల గడువు 2023, 2024 సంవత్సరాలతో తీరిపోయింది. బ్యాటరీ ఆయుర్దాయం కూడా దాదాపు అంతే. అంటే పరికరం పాడయ్యే వేళకు దానికి జవాబు చెప్పవలసిన వారు ఒప్పందం నుంచి బయటపడతారన్న మాట. గృహ దీప వ్యవస్థల తయారీదారులు తమ సరుకును ఎవరికి, ఎలా అమ్ముతున్నారు, అమ్మిన తరువాత ఎంతకాలం వెన్నంటి ఉంటున్నారు అన్న ప్రశ్న దంతెవాడలో వ్యాపార విషయంగా మిగిలిపోలేదు. రాత్రి ఇంట్లో దీపం వెలుగుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉన్నది.

పెట్టెలో ఉన్నదేమిటి?

సౌర గృహ దీప వ్యవస్థ చూడడానికి సామాన్యమైనదే అయినా అది పూర్తిగా స్వయంచాలకమైనది. పగలు సౌర ఫలకం తయారు చేసిన విద్యుత్తు చార్జ్ కంట్రోలర్ అనే చిన్న పరికరం ద్వారా బ్యాటరీలోకి వెళుతుంది. బ్యాటరీ నిండగానే కంట్రోలర్ ప్రవాహాన్ని ఆపుతుంది. రాత్రి వాడకంలో బ్యాటరీ ఒక స్థాయికి మించి ఖాళీ అవుతుంటే దీపాలను తానే ఆర్పివేస్తుంది. మనిషి ప్రమేయం లేకుండా బ్యాటరీ ప్రాణాన్ని కాపాడే కావలిదారు ఇదే. వీధి దీపాలలోనైతే చీకటి పడగానే వెలిగి, తెల్లవారగానే ఆరిపోయే ఏర్పాటు కూడా ఇందులోనే ఉంటుంది.

పూర్వం మారుమూల గ్రామాల విద్యుదీకరణ కార్యక్రమం కింద ఇచ్చిన వ్యవస్థలలో 37 వాట్ల ఫలకం, 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ బ్యాటరీ, 9 వాట్ల సిఎఫ్‌ఎల్ దీపాలు రెండు ఉన్న నమూనా బాగా పరిచితమైనది. సౌభాగ్యలో ఇది పెరిగింది. 200 నుంచి 300 వాట్ల ఫలకం, బ్యాటరీలు, 5 ఎల్‌ఇడి దీపాలు, 1 డిసి ఫ్యాను, సెల్‌ఫోన్ వంటి వాటికి 1 ప్లగ్గు ఇవ్వాలని నిబంధన. 300 వాట్ల ఫలకం మీద మంచి ఎండ రోజుకు నాలుగైదు గంటలు పడినా, నష్టాలు పోను ముప్పాతిక యూనిట్ వరకు విద్యుత్తు మిగులుతుంది. 9 వాట్ల దీపాలు అయిదూ అయిదు గంటలు వెలిగి, 25 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగినా ఖర్చయ్యేది అర యూనిట్ మాత్రమే. కాగితం మీద లెక్క సరిపోయింది.

లెక్క తప్పేది వర్షాకాలంలో. జూన్ నుంచి సెప్టెంబరు వరకు బస్తర్ ఆకాశం వరసగా రోజుల తరబడి మబ్బు పట్టి ఉంటుంది. ఎండ లేకపోయినా రెండు మూడు రోజులు దీపాలు వెలిగేలా బ్యాటరీ పరిమాణాన్ని నిర్ణయిస్తారు. మబ్బు నాలుగో రోజుకు సాగితే కంట్రోలర్ దీపాలను ఆపేస్తుంది. పరికరం తన పని తాను చేస్తున్నదని ఇంటివారికి తెలియజెప్పిన వారు లేకపోతే, అది పాడైందని భావించి కంట్రోలర్‌ను తప్పించి తీగలను నేరుగా బ్యాటరీకి కలుపుతారు. ఆ రాత్రికి దీపం వెలుగుతుంది. అలా పదేపదే అడుగంటా వాడిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మాత్రం కొద్ది నెలల్లోనే చేతికి రాకుండా పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌కు బదులు బావి నీళ్లు పోసినా అదే ఫలితం. సౌర దీపాల వైఫల్యాలలో ఎక్కువ భాగం ఫలకంలో తలెత్తేవి కావు. బ్యాటరీ, కంట్రోలర్, తీగల అతుకుల వద్ద తలెత్తేవే. ఇవన్నీ చిన్న మరమ్మతులు. అయితే చేసే మనిషి అందుబాటులో ఉండాలి.

వెలుగు వచ్చిన తీరు

దంతెవాడ 1998లో బస్తర్ నుంచి విడిపోయి ప్రత్యేక జిల్లా అయింది. తరువాత 2007లో బీజాపూర్, 2012లో సుక్మా దీని నుంచి వేరుపడ్డాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబర్ 1న అవతరించగా, సాంప్రదాయేతర ఇంధన వనరుల అభివృద్ధికి 2001లో క్రెడా సంస్థ ఏర్పడింది. దట్టమైన అడవి, చెల్లాచెదురుగా ఉండే గుడిసెలు, అటవీ అనుమతులు, దానికి తోడు మావోయిస్టుల సమస్య కారణంగా తీగలు లాగడం కష్టమైన చోట సౌర విద్యుత్తే మార్గమని ప్రభుత్వం నిర్ణయించింది. కేంద్రం 90 శాతం వరకు వ్యయం భరించే మారుమూల గ్రామాల విద్యుదీకరణ కార్యక్రమాన్ని ఆసరాగా చేసుకుని క్రెడా వెయ్యికి పైగా గ్రామాలకు సౌర దీపాలను అందించింది.

తీగ ఉన్నంత మాత్రాన వెలుగుకు భరోసా లేదని కూడా ఈ ప్రాంతానికి అనుభవమే. 2007 మే నెలాఖరులో నారాయణపూర్ ప్రాంతంలో మావోయిస్టులు హై టెన్షన్ టవర్లను పేల్చివేయడంతో బస్తర్ అంతా రోజుల తరబడి చీకట్లో మునిగింది. ఆస్పత్రులు, తాగునీటి పథకాలే కాక బైలదిల్లా గనులు సైతం స్తంభించాయి. గ్రిడ్‌తో సంబంధం లేని సౌర వ్యవస్థల విలువ ఆ రోజుల్లో అందరికీ తెలిసివచ్చింది. తరువాతి కాలంలో ఛత్తీస్‌గఢ్‌లో అయిదు వందలకు పైగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సౌర విద్యుత్ ఏర్పాటు చేయడం గమనార్హం.

2018 ఏప్రిల్ 28న దేశంలోని గ్రామాలన్నింటికీ విద్యుత్తు చేరిందని కేంద్రం ప్రకటించింది. అయితే ఒక గ్రామంలో 10 శాతం ఇళ్లకు విద్యుత్తు ఉంటే ఆ గ్రామం విద్యుదీకరణ పూర్తయినట్లే అన్నది అప్పటి నిర్వచనం. మిగిలిన ఇళ్ల కోసం ఉద్దేశించిందే 2017 సెప్టెంబర్ 25న ప్రారంభమైన సౌభాగ్య. 2019 మార్చి 31 నాటికి దేశమంతటా ఇళ్ల విద్యుదీకరణ పూర్తయిందని రాష్ట్రాలు నివేదించగా, ఛత్తీస్‌గఢ్‌లోని తీవ్రవాద ప్రభావిత ప్రాంతాలలో 18,734 ఇళ్లు మాత్రం మిగిలిపోయాయి. దేశంలో విద్యుత్ చేరని చివరి ఇళ్లు ఇక్కడివే అన్నమాట. 2022 మార్చి 31న ముగిసిన ఈ పథకం కింద గ్రిడ్‌తో నిమిత్తం లేకుండా సౌర విద్యుత్తు పొందిన ఇళ్లు దేశంలో 4 లక్షలకు పైగా ఉన్నాయి. అందులో ఛత్తీస్‌గఢ్ వాటా దాదాపు 65 వేలు.

కొనేవారు వేరు, వాడేవారు వేరు

ఈ అంకెల వెనుక ఉన్న వ్యాపార స్వరూపాన్ని పరిశీలించవలసి ఉన్నది. ఏ సరుకుకైనా కొనుగోలుదారు నచ్చితే కొంటాడు, నచ్చకపోతే మరో దుకాణానికి వెళతాడు. తయారీదారు నాణ్యత మీద, సేవ మీద శ్రద్ధ చూపడానికి మూలకారణం ఈ భయమే. దంతెవాడ సౌర దీపానికి ఇది వర్తించదు. కొనేది ప్రభుత్వ సంస్థ. వాడేది కువాకొండ, కటేకల్యాణ్ బ్లాకుల అడవిలోని గిరిజన కుటుంబం. నమూనా ఎంపికలో గాని, ధర నిర్ణయంలో గాని, సరుకు అందినట్లు సంతకం చేయడంలో గాని ఆ కుటుంబానికి ఉన్న పాత్ర నామమాత్రం.

అందువల్ల తయారీదారుల మార్కెటింగ్ కృషి అంతా టెండరు చుట్టూ తిరుగుతుంది. నిర్ణీత ప్రమాణాలకు తగినట్లు పరీక్షా ధ్రువపత్రాలు సంపాదించడం, అందరికంటే తక్కువ ధర చూపడం, గడువులోగా లెక్క ప్రకారం బిగించి బిల్లులు పెట్టుకోవడం ఇందులోని దశలు. సొమ్ములో అధిక భాగం సరఫరా, బిగింపు దశల్లోనే చేతికి వస్తుంది. నిర్వహణకు పూచీగా కొద్ది శాతం సొమ్ము గాని, బ్యాంకు హామీ గాని ప్రభుత్వం వద్ద ఉంటుంది. ఒక దీపం ఆరిపోయిందన్న ఫిర్యాదుపై మెకానిక్‌ను ఘాట్ రోడ్డు మీదుగా, ఆపై కాలిబాటన పంపడానికి అయ్యే ఖర్చు ఆ దీపానికి ఆపిన సొమ్ము కంటే ఎక్కువైతే సరఫరాదారు ఏ వైపు మొగ్గుతాడో ఊహించడం కష్టం కాదు. ఇది ఏ ఒక్క సంస్థ దురుద్దేశమో కాదు, ఒప్పందం రూపంలోనే ఉన్న లోపం.

వారపు సంతలలో కనిపించేది మరో మార్కెట్. అక్కడ సౌర టార్చిలైట్లు, చార్జింగ్ బల్బులు చవకగా దొరుకుతాయి. బిల్లు లేదు, వారంటీ లేదు. చెడిపోతే పారవేయడమే. అయినా వాటికి గిరాకీ ఉన్నదంటే కారణం ఒకటే. అక్కడ ఎంచుకునేది వాడేవాడే, పాడైతే వచ్చే వారం సంతలో మరొకటి దొరుకుతుంది. ప్రభుత్వం ఇచ్చిన వేల రూపాయల పరికరానికి ఒక చిన్న ఫ్యూజు దొరకడం దీనికంటే కష్టంగా ఉండడం విచిత్రమే.

పట్టణాలలో ఇదే సరుకు మరో వేషంలో అమ్ముడవుతున్నది. సెల్‌ఫోన్‌తో వెలిగే బల్బులు, మాట చెబితే ఆరే దీపాలు, మనిషి గదిలోకి రాగానే వెలిగే సెన్సార్లు హైదరాబాద్, విశాఖ దుకాణాలలో సర్వసాధారణమయ్యాయి. అక్కడ ప్రకటనలలో ప్రధానంగా వినిపించే మాటలు సౌఖ్యం, పొదుపు, భద్రత. సంస్థ సర్వర్ ఎంతకాలం నడుస్తుంది, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి అన్న వివరాలు పెట్టె మీద కనిపించడం అరుదు.

సంపన్న దేశాల అనుభవం

అమ్మకం తరువాత చేయి విడవడం గిరిజన ప్రాంతాలకే పరిమితమైన సమస్య కాదు. ఇంటి దీపాల స్వయంచాలక వ్యవస్థలలో పేరున్న అమెరికా సంస్థ ఇన్‌స్టియాన్ 2022 ఏప్రిల్ మధ్యలో ముందస్తు సమాచారం లేకుండా తన సర్వర్లను ఆపివేసింది. గోడ మీది స్విచ్‌లు పనిచేశాయి గాని, ఫోన్ ద్వారా నడిచే ఏర్పాట్లు మూలపడ్డాయి. చివరకు వినియోగదారులలోనే కొందరు కలిసి ఆ సంస్థను కొనుగోలు చేసి, జూన్ నాటికి సేవలను పునరుద్ధరించవలసి వచ్చింది. జర్మనీకి చెందిన ఓస్రామ్ తన లైటిఫై దీపాల సర్వర్‌ను 2021 ఆగస్టు 31తో మూసివేసింది. వింక్ అనే మరో సంస్థ ఉచితంగా అందిస్తున్న సేవకు నెలకు దాదాపు 5 డాలర్ల చందా కట్టాలని 2020 మే నెలలో వారం గడువిచ్చి ప్రకటించింది. విమర్శలు రావడంతో వాయిదా వేసి జూలైలో అమలు చేసింది.

ఈ ఉదంతాలలోని కొనుగోలుదారులు స్థితిపరులు. వారికి న్యాయస్థానాలు, పత్రికలు, ప్రత్యామ్నాయ దుకాణాలు అందుబాటులో ఉన్నాయి. వారికే ఇటువంటి పరిస్థితి ఎదురైతే, ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేయడానికి సిగ్నల్ కూడా అందని ఆవాసాలలోని వారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఆఫ్రికాలో మరో పద్ధతి వృద్ధి చెందింది. కెన్యాలో 2012లో అమ్మకాలు ఆరంభించిన ఎం-కోపా సంస్థ సౌర దీపాలను వాయిదాల మీద ఇచ్చి, రోజువారీ సొమ్మును సెల్‌ఫోన్ ద్వారా వసూలు చేసింది. పెట్టెలోని సిమ్ కార్డు ద్వారా పరికరం సంస్థ అదుపులో ఉంటుంది. సొమ్ము ఆగితే దీపం ఆగుతుంది. ఇందులో పేదవానిపై కాఠిన్యం లేకపోలేదు. అయితే దీపం వెలగకపోతే వాయిదా రాదు గనుక పరికరాన్ని బాగుగా ఉంచడం అమ్మకందారుకు కూడా అవసరమవుతుంది. టెండరు పద్ధతిలో లేనిది ఈ బంధమే.

బంగ్లాదేశ్‌లో 2003లో ఇడ్‌కాల్ సంస్థ ఆరంభించిన కార్యక్రమం కింద 40 లక్షలకు పైగా ఇళ్లకు సౌర దీపాలు వాయిదాల మీద చేరాయి. గ్రామీణ సంస్థలే అమ్మకం, వసూలు, మరమ్మతు చూసేవి. ప్రపంచానికే ఆదర్శంగా పేరుపొందిన ఆ కార్యక్రమం గ్రిడ్ వేగంగా విస్తరించడంతోనూ, మరో వైపు ప్రభుత్వమే కొందరికి ఉచితంగా పరికరాలు పంచడంతోనూ దెబ్బతిన్నది. వాయిదాలు ఆగిపోయాయి, సేవా సంస్థలు నష్టాలలో కూరుకుపోయాయి. ఉచిత పంపిణీకీ నిలకడైన సేవకూ మధ్య పొంతన కుదర్చకపోతే రెండూ చెడతాయన్నది ఆ దేశం నేర్పిన పాఠం.

క్రెడా నమూనాలో బలం, బలహీనత

ఈ నేపథ్యంలో ఛత్తీస్‌గఢ్ అనుసరించిన మూడంచెల నిర్వహణ పద్ధతి ప్రశంసకు అర్హమైనది. గ్రామంలో ఒక ఆపరేటర్ ఉంటాడు. ఫలకాలు తుడవడం, బ్యాటరీలలో నీరు చూడడం, చిన్న చిన్న అతుకులు సరిచేయడం అతని పని. కొన్ని గ్రామాలను కలిపి ఒక క్లస్టర్‌గా చేసి, దానికి ఒక సాంకేతిక నిపుణుని నియమిస్తారు. ఆపరేటర్ చేయలేని మరమ్మతులు అతని బాధ్యత. వీరందరి పనినీ నెలవారీ నివేదికల ద్వారా క్రెడా పర్యవేక్షిస్తుంది. నిర్వహణ వ్యయంలో అధిక భాగాన్ని రాష్ట్రమే భరిస్తూ, గ్రామస్థుల నుంచి నామమాత్రపు చందా వసూలు చేసే ఏర్పాటు ఇది. బిగించి వదిలేసిన అనేక రాష్ట్రాలతో పోలిస్తే ఇక్కడ సౌర వ్యవస్థలు ఎక్కువ కాలం నిలబడడానికి ఈ పద్ధతే కారణమన్న అభిప్రాయం ఈ రంగంలో ఉన్నది.

అయితే ఈ పద్ధతి సాఫీగా నడిచింది ప్రధానంగా గ్రామమంతటికీ ఒకే చోట విద్యుత్తు తయారయ్యే చిన్న కేంద్రాల విషయంలో. ఇంటికొక పరికరం ఉన్న చోట ఆపరేటర్ తిరగవలసిన దూరం పెరుగుతుంది. దంతెవాడ గ్రామాలలో పారాల పేరిట ఉండే వాడలు ఒకదానికొకటి కిలోమీటర్ల దూరంలో ఉండడం మామూలే. భద్రతా పరిస్థితులు ఉద్రిక్తంగా ఉన్న సంవత్సరాలలో బయటి నిపుణులు లోపలికి వెళ్లడానికి వెనుకాడడం సహజం. అన్నింటికీ మించి, ఆపరేటర్ ఎంత నిపుణుడైనా ఆయువు తీరిన బ్యాటరీకి ప్రాణం పోయలేడు. కొత్తది కొనాలి. వేల రూపాయలు ఖరీదు చేసే ఆ కొనుగోలుకు నిధి ఎక్కడిదన్న ప్రశ్నకు అయిదేళ్ల ఒప్పందంలో సమాధానం లేదు.

ఫలకానికి తయారీదారు సాధారణంగా 25 ఏళ్ల హామీ ఇస్తాడు. పదేళ్ల తరువాత 90 శాతం, 25 ఏళ్లకు 80 శాతం సామర్థ్యం మిగులుతుందని ఆ హామీ సారాంశం. ప్రకటనలలో పెద్ద అక్షరాలలో కనిపించేది ఈ అంకెలే. 25 ఏళ్ల ఫలకానికి అయిదేళ్ల బ్యాటరీని జతచేసి ఇచ్చినప్పుడు, మిగిలిన 20 ఏళ్లూ ఆ ఫలకం కప్పు మీద ఊరకే ఎండకు ఎండవలసిందేనా?

కర్ణాటక చూపిన బాట

దీనికి భిన్నమైన ఉదాహరణ పొరుగునే ఉన్నది. 1995లో హరీశ్ హండే తదితరులు బెంగుళూరు కేంద్రంగా స్థాపించిన సెల్కో సంస్థ ప్రభుత్వ టెండర్ల మీద ఆధారపడకుండా నేరుగా పేద కుటుంబాలకు సౌర దీపాలు అమ్మింది. బ్యాంకుల ద్వారా రుణం ఇప్పించి, ఆదాయం వచ్చే తీరును బట్టి వాయిదాలు కుదిర్చింది. అమ్మే ప్రాంతానికి చేరువలోనే సేవా కేంద్రం ఉండాలన్న నియమం పెట్టుకున్నది. ఈ కృషికి గాను హండేకు 2011లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఈ బాటను యథాతథంగా దంతెవాడలో వేయలేమన్నది నిజమే. తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు సేకరణ మీద బతికే కుటుంబాల చేతికి సొమ్ము వేసవిలోనే కొద్దివారాలు వస్తుంది. బ్యాంకు శాఖలు దూరం. అందువల్ల పెట్టుబడి ప్రభుత్వానిదే కావడం న్యాయం. అయితే దగ్గరలో సేవా కేంద్రం, కుటుంబ ఆదాయానికి తగిన చందా అన్న రెండు సూత్రాలకు ప్రాంతభేదం లేదు.

తీగ వచ్చాక ఏమిటి?

పరిస్థితి మారుతున్న మాట వాస్తవం. భద్రతా శిబిరాల చుట్టుపక్కల గ్రామాలకు రోడ్డు, విద్యుత్తు, నీరు, రేషను వంటి సౌకర్యాలు చేర్చే ఉద్దేశంతో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో నియద్ నెల్లానార్ పథకాన్ని ప్రకటించింది. గోండు భాషలో దీనికి 'మీ మంచి ఊరు' అని అర్థం. తీగ చేరిన ఊళ్లలో సౌర దీపాలు అనవసరమన్న వాదన దీనితో బయలుదేరింది. కానీ అడవిలో కొమ్మ విరిగిపడితే సరఫరా ఆగిపోయే తీగకు, మరమ్మతు సిబ్బంది చేరడానికి రోజులు పట్టే ఊరికి, ఇంట్లో ఉన్న సౌర దీపం మంచి తోడు. ఉన్నదాన్ని పారవేయడం కంటే బ్యాటరీ మార్చి నిలబెట్టుకోవడమే చవక.

ఇదిలా ఉండగా కొత్త పరికరాల పంపిణీ కూడా సాగుతున్నది. అత్యంత వెనుకబడిన గిరిజన తెగల కోసం 2023 నవంబర్ 15న ప్రారంభమైన ప్రధానమంత్రి జన్‌మన్ కార్యక్రమంలో భాగంగా, తీగ వేయడం సాధ్యం కాని లక్ష ఇళ్లకు సౌర విద్యుత్తు ఇవ్వడానికి 515 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం 2024 జనవరిలో ఆమోదించింది. ఇంటికి 50 వేల రూపాయల వరకు సాయం. ఛత్తీస్‌గఢ్‌లోని అబూజ్‌మాడియా తెగ ఈ జాబితాలో ఉన్నది. పాత పరికరాల అనుభవం నుంచి నేర్చుకోకుండా కొత్తవి బిగిస్తే, ఈ దశాబ్దం ముగిసేనాటికి ఇదే కథ పునరావృతం కాక తప్పదు.

చట్టం ఏమంటున్నది?

2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019, ప్రతిఫలం చెల్లించి కొన్నవారినే కాక వారి సమ్మతితో ఆ వస్తువును వాడేవారిని కూడా వినియోగదారులుగా గుర్తిస్తున్నది. ప్రభుత్వం కొని ఇచ్చిన దీపాన్ని వాడే గిరిజనుడు ఈ నిర్వచనం ఆధారంగా హక్కు కోరడానికి వాదన ఉన్నది. కానీ జిల్లా కమిషన్ మెట్లెక్కి ఆ వాదన వినిపించే స్తోమత ఎందరికి ఉన్నది? విద్యుత్ వినియోగదారుల హక్కులపై 2020లో కేంద్రం చేసిన నిబంధనలు పంపిణీ సంస్థల సేవలను ఉద్దేశించినవి. ఒంటరిగా కప్పు మీద నిలిచిన ఫలకానికి అటువంటి రక్షణ లేదు.

పాడైన బ్యాటరీల సంగతి మరింత ముఖ్యం. సీసం, ఆమ్లం ఉన్న ఈ బ్యాటరీలను ఇంటి పక్కనే పగులగొడితే నేల, నీరు విషమవుతాయి. 2022 ఆగస్టులో వెలువడిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాడిన బ్యాటరీల సేకరణ బాధ్యతను ఉత్పత్తిదారుల మీదే మోపాయి. సౌర ఫలకాలు సైతం 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ-వ్యర్థాల నిబంధనల పరిధిలోకి వచ్చాయి. కొత్త బ్యాటరీ తెచ్చినవాడే పాతది తీసుకువెళ్లాలన్న షరతు పెడితే మరమ్మతుకూ, పర్యావరణానికీ ఒకే ప్రయాణంతో మేలు జరుగుతుంది.

చేయవలసింది

ముందుగా మారవలసింది చెల్లింపు పద్ధతి. బిగించిన పరికరాలను బట్టి కాక, వెలిగిన రాత్రులను బట్టి సరఫరాదారుకు సొమ్ము అందాలి. ఒప్పంద విలువలో గణనీయమైన భాగాన్ని ఏటా వాయిదాలుగా, గ్రామసభ ధ్రువీకరణ మీద విడుదల చేసే ఏర్పాటు ఉంటే మెకానిక్ తనంతట తానే వస్తాడు. పరికరాల కొనుగోలు నాడే ఒకసారి బ్యాటరీ మార్పిడికి అయ్యే సొమ్మును వేరుగా తీసి ఉంచాలి. నిర్వహణ గడువును అయిదు నుంచి పదేళ్లకు పెంచాలి.

రెండవది, కంట్రోలర్లు, ప్లగ్గులు, బ్యాటరీ కొలతలు అన్ని సంస్థల పరికరాలలోనూ ఒకేలా ఉండాలి. ఒక సంస్థ మూతపడినా మరో సంస్థ భాగం అమరేలా ఉంటే ఇన్‌స్టియాన్ వినియోగదారుల అవస్థ ఇక్కడివారికి రాదు. మూడవది, సంత జరిగే ప్రతి కేంద్రంలోనూ స్థానిక యువకులకు శిక్షణ ఇచ్చి మరమ్మతు దుకాణం పెట్టించాలి. వాడకం సూచనలు హిందీ, ఇంగ్లీషు కాగితాలకు పరిమితం కాక గోండి, హల్బీ భాషలలో నోటిమాటగా, బొమ్మలతో అందాలి. మబ్బు రోజుల్లో దీపం తనంతట తాను ఎందుకు ఆరుతుందో ఇంటి ఇల్లాలికి అర్థమయ్యేలా ఒక్కసారి చెబితే ఎన్నో బ్యాటరీలు బతుకుతాయి.

తెలుగు రాష్ట్రాలకూ ఇందులో ప్రమేయం ఉన్నది. 2005 తరువాత సల్వాజుడుం కాలంలో బస్తర్ నుంచి భద్రాచలం ఏజెన్సీకి వలస వచ్చిన కుటుంబాల ఆవాసాలలో అనేకం అటవీ భూమిలో ఉన్నందున తీగల ఏర్పాటుకు చిక్కులున్నాయి. అటువంటి చోట్ల సౌర దీపమే తక్షణ మార్గం. 2024 ఫిబ్రవరిలో 75,021 కోట్ల రూపాయల వ్యయంతో ఆమోదం పొందిన పిఎం సూర్యఘర్ పథకం కింద మైదాన ప్రాంతాల మధ్యతరగతి ఇళ్ల కప్పుల మీదికి ఫలకాలు ఎక్కుతున్నాయి. అక్కడ కూడా సరఫరాదారు నిర్వహణ బాధ్యత అయిదేళ్లే. సబ్సిడీ ఎంత, బిల్లు ఎంత తగ్గుతుంది అని అడుగుతున్న వారు ఆరో ఏట ఎవరు వస్తారని కూడా ఇప్పుడే అడిగి ఒప్పందంలో రాయించుకోవడం మంచిది.

దంతెవాడ గిరిజనునికి ఆ ప్రశ్న అడిగే అవకాశం కూడా లేదు. అతని తరఫున కొన్నది ప్రభుత్వం. కనుక అతని తరఫున అడగవలసిన బాధ్యత కూడా ప్రభుత్వానిదే.